దొర తిన్నాడా?

రోజూ సాయంత్రం ఆరున్నరకు బాబ్జాన్ గుర్రమైపోయేవాడు.

పగలంతా మనిషే. నంద్యాల శ్రీనివాస సెంటర్లో బ్యాటరీ ఆటో తోలే మనిషి. వయసు నలభైకి రెండు తక్కువ, పొట్ట మాత్రం యాభై దాటి ముందుకు పోయింది. ఎవరో ఎగతాళి చేసేలోపల మనమే చేసేసుకుంటే సగం నొప్పి తప్పుతుందని చిన్నప్పుడే కనిపెట్టినవాడు. "ఈ ఆటోకు చప్పుడు లేదు, నాకు బుద్ధి లేదు, ఇద్దరం జత కుదిరినాం" అంటుంటాడు ఎక్కినవాళ్ళతో. వాళ్ళు నవ్వితే ఆ రోజు బాగా గడిచినట్టు.

అట్లాంటి మనిషి, మసీదులో మగ్రిబ్ అజాన్ కాగానే ఇంటికి చేరి, వెనకవైపు కొట్టంలోకి దూరి, రెండు కొబ్బరి చిప్పలు తీసుకొని నేల మీద టక్కు టక్కుమని కొట్టేవాడు. గోడకు వేలాడే గజ్జెల పట్టీ ఆడించేవాడు. పెదాలు వదులుచేసి బుర్రుమని గాలి వదిలేవాడు. తర్వాత ఊపిరి బిగబట్టి కాచుకొనేవాడు.

ముందుగదిలో మంచం మీది నుంచి ముసలి గొంతు వచ్చేది.

"దొరా... కిరాయి అయిపోయిందప్పా. ఇంగ తిను."

అప్పుడు బాబ్జాన్ ఉలవ గుగ్గిళ్ళ సంచిలో మూతి పెట్టి, ముందుగదికి వినపడేటట్టు నమిలేవాడు.

దొర అంటే గుర్రం. తెల్లది, ఎడమ కంటి మీద చింతపండు రంగు మచ్చ. పేరుకు తగ్గట్టే ఎవరినీ లెక్కచేసేది కాదు, ఒక్క ఖాసింను తప్ప. ఖాసిం అంటే బాబ్జాన్ మామ, పెళ్ళాం జబీనాకు నాయన. ఊళ్ళో జట్కాలన్నీ ఒకటొకటిగా పోయి ఆటోలు దిగినా, ఆయన బండి మాత్రం మిగిలింది. మిల్లు బస్తాలు, పెళ్ళి ఊరేగింపులు, ఏదో ఒకటి దొరికేది. దొర పుట్టిన వారానికే తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి సాకినాడు ఖాసిం. కుందూ ఏట్లో దానికి నీళ్ళు పోసేటప్పుడు ఇంటి సంగతులన్నీ దానికే చెప్పేవాడు. ఒక వానాకాలం కొట్టం కురుస్తుంటే దొరను ముందుగదిలో కట్టి, తాను కొట్టంలో పండుకున్నాడు. అల్లుడు ఆ రాత్రి యాడ పండుకున్నాడో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

దొరకు బాబ్జాన్ అంటే పెళ్ళినాటి నుంచే గిట్టదు. ఊరేగింపులో సంజీవనగర్ మలుపు దగ్గర పెళ్ళికొడుకును కాలువలోకి దించింది. తెల్ల షేర్వాణీతో పోయినవాడు నల్ల షేర్వాణీతో నిఖాకు కూచున్నాడు. ఆ తర్వాత రెండేళ్ళకు, కావాలనే అంటాడు బాబ్జాన్, వాని కుడికాలి మీద డెక్క పెట్టి బరువంతా మోపింది. చిటికెన వేలు తీసెయ్యాల్సి వచ్చింది. "తొమ్మిది వేళ్ళకు చెప్పుల ధర తగ్గించమంటే ఏ షాపోడూ తగ్గించడు" అని దాన్ని కూడా నవ్వులాటే చేసుకున్నాడు. కానీ ఎవరూ చూడనప్పుడు కొట్టం పక్కన పోతూ దొర వైపు ఉమ్మేవాడు. దొర చెవులు వెనక్కి మడిచి చూసేది.

జట్కావాళ్ళలో ఒక పద్ధతి ఉండేది. పొద్దు గుంకినాక బండి విప్పి, గుర్రం నొసట అరచెయ్యి పెట్టి, కిరాయి అయిపోయిందని చెప్పాల. అది విన్నాకనే గుర్రం మేత ముట్టేది. అమ్మాల్సి వస్తే, కొన్నవాని ఇంటికే పోయి, వాని చెయ్యి గుర్రం నొసట పెట్టించి, ఆ చేతి మీద తన చెయ్యి వేసి, ఇద్దరూ కలిసి ఆ మాట చెప్పాల. దాన్నే అప్పగింత అనేవాళ్ళు. ఎవరి నోట విని తింటాదో, అది వాని గుర్రం. అందరి గుర్రాలూ ఆ పద్ధతిని అంత గట్టిగా పట్టుకోలేదేమో గానీ, దొర పట్టుకుంది. ఒకసారి ఖాసిం బనగానపల్లెలో చావుకు పోయి రెండు దినాలు రాలేకపోతే, నిండు సంచి మూతికి కట్టి ఉన్నా దొర ఒక్క గింజ నమల్లేదు. జబీనా నొసట చెయ్యి పెట్టి, నాయన గొంతు తెచ్చుకొని చెప్పింది. బాబ్జాన్ కూడా చెప్పినాడు, దూరం నుంచి. ఊహూఁ. ఖాసిం వచ్చి, గడపలో నిలబడి చెప్పినాకనే తినింది.

ఇదంతా తెలిసి కూడా, జనవరిలో ఖాసిం జారిపడి తుంటి ఎముక విరిగి కర్నూలు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, బాబ్జాన్ దొరను అమ్మేసినాడు.

ఆళ్ళగడ్డ అవతల, అహోబిలం దారిలో మనోజ్ అని ఒక పిల్లోనికి ఇటుకల బట్టీ ఉంది. మట్టి తడపడానికి నీళ్ళ పీపా బండి లాగాల. "ఆపరేషన్ కోసం" అని జబీనాకు చెప్పినాడు. ఆపరేషన్ ఉచితంగానే అయిపోయింది. దొర వచ్చి ఆటోలో కొత్త బ్యాటరీగా కూచుంది. అప్పగింతా గిప్పగింతా ఏమీ లేదు. లారీ ఎక్కించి తోలేసినాడు. నాలుగో రోజు మనోజ్ ఫోన్ చేసినాడు.

"అన్నా, నీ గుర్రం ఏమీ తినడం ల్యా. ఏం పెట్టాల?"

బాబ్జాన్‌కు తెలుసు ఏం కావాల్నో. గింజలు కాదు, ఒక్క మాట. ఆసుపత్రి మంచం మీద ఉన్న మామ చెవి దగ్గర ఫోన్ పెడితే అయిపోయేది. కానీ పెడితే మామకు తెలిసిపోతుంది. చెప్తే మనోజ్ గుర్రాన్ని వెనక్కి తోలుతాడు, దుడ్లు అడుగుతాడు. అందుకని నవ్వినాడు. "కొత్త అల్లుడప్పా, సిగ్గుపడతాండాది. రెండు దినాలు పోతే పళ్ళెం కూడా మిగల్చదు" అని చెప్పి, ఆ నంబరు బ్లాక్ చేసినాడు.

ఖాసిం ఇంటికొచ్చి పండుకున్న మొదటి సాయంత్రమే అడిగినాడు. "దొర తిన్నాడా?"

మంచం దిగలేని మనిషి. వెనక కొట్టం కనపడదు, వినపడుతుంది. జబీనా మొగుని మొగం చూసింది. మొగుడు కొబ్బరి చిప్పలు వెతుక్కుంటూ వెనక్కి పోయినాడు. అట్ల మొదలైంది. ఉలవ గుగ్గిళ్ళు బాగానే ఉంటాయి, ఉప్పు పడితే ఇంకా బాగుంటాయి అని మొదట్లో జోకులు వేసేవాడు. ఫిబ్రవరి పోయింది, మార్చి పోయింది. ఏప్రిల్‌కు వచ్చేసరికి ఆ మాట వినపడేదాకా ఇంట్లో ఏదీ నోట పెట్టబుద్ధి కాకుండా పోయింది. అలవాటులే అనుకున్నాడు.

మే నెలలో ఒక శుక్రవారం ఖాసిం నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకొని లేచి నిలబడినాడు. డాక్టరు నడవమన్నాడు. "వచ్చే శుక్రవారం కొట్టం దాకా నడుస్తా. వాని మొగం చూసి ఎన్ని దినాలాయె" అన్నాడు.

ఆ మాట విన్నాక జబీనాకు నిద్ర లేదు. వారం తిరిగి గురువారం పొద్దున టీ గ్లాసు మొగుని ముందు ఠక్కున పెట్టింది.

"ఆళ్ళగడ్డకు పో. ఆ పిల్లోని కాళ్ళు పట్టుకుంటావో, ఆటో అమ్ముతావో. రేపటికి దొర కొట్టంలో ఉండాల."

"ఉండకపోతే?"

"నాయన్ను తీసుకొని నేను పోతా. నువ్వూ నీ ఆటో కాపరం చేసుకోండి. చప్పుడుండదు, బాగుంటాది."

నవ్వాలో వద్దో తెలియక బాబ్జాన్ టీ తాగినాడు.

పన్నెండు గంటలకు బట్టీ దగ్గరికి చేరినాడు. ఎండ తెల్లగా మండుతోంది. పని ఆపి అందరూ రేకుల నీడకు చేరినారు. మట్టి వాసన, పొగ వాసన, వాటి కింద ఇంకేదో వాసన... తడిసిన తోలుది, చెమటది. ఎరిగిన వాసనే. ఎక్కడిదో గుర్తురాలేదు.

నీడలో నుంచి ఒక ఆడమనిషి లేచి వచ్చింది. చేతులు మోచేతుల దాకా ఎర్రమట్టి. బ్లెస్సీ అంటారు ఆమెను, అచ్చులు పోసే వాళ్ళకు మేస్త్రీ.

"యజమాని లేడు. ఏం కావాల?"

"నంద్యాల నుంచి వచ్చినా అక్కా. తెల్లగుర్రం... జనవరిలో..."

ఆమె మొగం మారింది. వెనక్కి తిరిగి నీడలో వాళ్ళతో అంది, "ఈయనే అంట." ఎవరో బీడీ కింద పడేసి కాలితో నలిపినారు.

"గుర్రం యాడుండాదక్కా?"

"వేపచెట్టు కింద. ఆరడుగుల లోతున."

బాబ్జాన్‌కు ఆ చెట్టు దిక్కు చూడబుద్ధి కాలేదు. "ఎప్పుడు?"

"వచ్చిన తొమ్మిదో దినం. ఉలవలు పెట్టినాం, జొన్నచొప్ప పెట్టినాం, మా పిల్లోల్ల బిస్కెట్లు పెట్టినాం. నీళ్ళు తాగె, అంతే. పని మాత్రం చేసె, తెలుసా? ఒట్టి కడుపుతో తొమ్మిది దినాలు పీపా లాగె. పొద్దు గుంకేటప్పుడు మాత్రం నంద్యాల దిక్కు తిరిగి చెవులు నిక్కబెట్టి నిలబడేది. ఎవరో ఏదో చెప్తారని కాచుకున్నట్టు. ఏం చెప్పాల్నో మాకు తెలియకపాయె." మోచేతి మట్టి గీరుకుంది. "నీకు తెలిసే ఉంటాది గదా. ఫోన్ చేస్తే నగితివంట."

ఏదన్నా ఒక మాట అనాలని నోరు తెరిచినాడు. జీవితంలో మొదటిసారి ఒక్క జోకూ రాలేదు.

"పో ఇంగ," అంది బ్లెస్సీ. మళ్ళీ ఏమనుకుందో, "ఆగు. ఇది చూసి పో. కాళ్ళ కింద చూసుకో, పచ్చి ఇటుకలు తొక్కొద్దు."

ఆరబెట్టిన పచ్చి ఇటుకలు వరసలు వరసలుగా ఉన్నాయి. చివరి వరసల మీద గుర్రపు డెక్కల గుర్తులు. లోతుగా, నాడా మేకులతో సహా. బట్టీ చుట్టూ ఒకటే గుండ్రంగా, పీపా బండి తిరిగే దారిలో.

"పాతిపెట్టినాక కూడా రోజూ పొద్దున ఇవే. నాలుగు నెల్లు. యజమాని కుక్కలన్నాడు. కుక్కకు నాడా ఎవరు కొడతారు? పోయిన శుక్రవారం మాత్రం గుండ్రంగా తిరగలే. చూడు."

ఆమె చెయ్యి చూపిన చోట గుర్తులు గుండ్రం విడిచి, వరసలు దాటి, నేరుగా పోయినాయి. రోడ్డు మీదికి. రోడ్డు దగ్గర ఉత్తరానికి మలుపు తిరిగినాయి.

"దాని తర్వాత ఒక్క గుర్తు కూడా ల్యా," అంది.

పోయిన శుక్రవారం. మామ లేచి నిలబడిన శుక్రవారం.

"మళ్ళీ ఏమన్నా కనపడితే ఫోటో పెట్టక్కా," అని తన నంబరు ఇచ్చినాడు. ఎందుకిచ్చినాడో తనకే తెలియదు. ఆమె మట్టి చేత్తోనే ఫోన్లో కొట్టుకుంది.

వెంటనే ఇంటికి పోయే ధైర్యం లేక ఆళ్ళగడ్డ బస్టాండు దగ్గర, రాతి బొమ్మలు చెక్కే షెడ్ల పక్కన ఆటో ఆపుకొని కూచున్నాడు. జబీనాకు చెప్పాల్సిన అబద్ధాలు నాలుగు రకాలు తయారుచేసి, నాలుగూ పారేసినాడు. టిఫిన్ తెప్పించుకున్నాడు. దోసె చల్లారి అట్టలా అయింది. తినబుద్ధి కాలేదు. నాలుగున్నరకు బయలుదేరినాడు.

బ్యాటరీ ఆటోతో ఒక సుఖం ఉంది, ఇంజన్ రొద ఉండదు. అదే కష్టం కూడా. వినకూడనివి వినపడతాయి.

ఊరు దాటి మూడు కిలోమీటర్లు పోయినాక మొదలైంది.

టక్కు... టక్కు... టక్కు...

టైరులో రాయి ఇరుక్కుందనుకున్నాడు. దిగి చూసినాడు. రాయి లేదు. అతను నిలబడి ఉన్నంతసేపూ చప్పుడూ నిలబడింది. ఎక్కి కదిలించగానే... టక్కు టక్కు, టక్కు టక్కు. కొబ్బరి చిప్పల చప్పుడు కాదు. ఆ రెంటికీ ఎంత తేడా ఉందో అప్పుడు తెలిసింది.

అద్దంలో చూసినాడు. వెనక సీటు ఖాళీ. రోడ్డు ఖాళీ. వడగాలి.

శిరివెళ్ళ మెట్ట ఎక్కుతుంటే బ్యాటరీ గీతలు ఒకటొకటిగా పోయినాయి. సగం ఉన్నది కాస్తా సున్నా అయింది. తెర ఆరిపోయింది. "చచ్చినాం" అనుకొని ఆటోను పక్కకు తిప్పబోయినాడు.

ఆటో ఆగలేదు.

ఎత్తు ఎక్కుతోంది. చేతిలో యాక్సిలరేటరు వదిలేసినాడు. ఎక్కుతూనే ఉంది. బ్రేకు తొక్కినాడు. కాలు అడుగుకు ఆనింది. ఆటో అదే వేగంతో పోతోంది, ఎక్కువా కాదు తక్కువా కాదు. జట్కా పోయే వేగం. ఊపు కూడా జట్కా ఊపే... ముందుకొకసారి, వెనక్కొకసారి. పెళ్ళినాడు ఎక్కినప్పుడు తెలిసిన ఊపు.

లోపలంతా చెమటతో తడిసిన తోలు వాసన.

ఎదురుగా మేకల మంద వచ్చింది. కాపరి ఆటోను చూడకముందే మేకలు చీలిపోయినాయి. ఆటోకు దారిస్తున్నట్టు కాదు. ఆటోకు పదడుగుల ముందే, అక్కడ ఏదో ఉన్నట్టు, దాని రెండు పక్కలకూ ఒరిగి అరుస్తూ పోయినాయి. ఒక కుక్క వెంటబడింది. అది కూడా ఆటోను చూసి మొరగలేదు. ముందున్న ఖాళీ జాగాను చూసి మొరిగింది. తర్వాత ఉన్నట్టుండి తోక ముడుచుకొని గుంటలో పండుకుంది.

"దొరా," అన్నాడు బాబ్జాన్. "నంద్యాలకు ఎంత తీసుకుంటావప్పా?"

అలవాటు కొద్దీ అన్నాడు. అనకుండా ఉంటే బాగుండేది. ముందున్న గాలిలో నుంచి బుర్రుమని శ్వాస వచ్చింది. ముందరి అద్దం బయటి పక్క అరచేయంత మేర ఆవిరి పట్టింది... తేలిపోయింది... మళ్ళీ పట్టింది.

ఏం చెయ్యాల. ఏం చెప్పాల. తెలిసిన మాట ఒక్కటే.

"కిరాయి అయిపోయిందప్పా," అన్నాడు మామ గొంతుతో. మూడు నెలలుగా విన్న గొంతు, బాగానే వచ్చింది. "ఇంగ తిను దొరా. ఇంగ తిను..."

డెక్కల చప్పుడు ఒక్క క్షణం తడబడింది. ఆ తర్వాత వేగం పెరిగింది.

ఇంటి ముందుకు వచ్చి తనంతట తానే ఆగేసరికి మగ్రిబ్ అజాన్ అయిపోయి కాసేపయింది. వీధంతా కరెంటు పోయింది. బాబ్జాన్ సీటు మీద నుంచి దిగలేదు, జారినాడు.

జబీనా గడపలో కొవ్వొత్తి పట్టుకొని ఉంది. మొగుని చూసి కొవ్వొత్తి పైకెత్తింది.

"ఇప్పుడొస్తాండావా?"

"ఊఁ."

"ఇప్పుడేనా వచ్చేది?"

"ఇప్పుడే. ఏందీ?"

ఆమె గొంతు తగ్గిపోయింది. "మల్ల కొట్టంలో నమిలేదెవరు?"

ఇద్దరూ విన్నారు. ఇంటి వెనక నుంచి వస్తోంది. తొందర లేని నమలడం. మధ్య మధ్య గజ్జెలు గల్లుమంటున్నాయి, ఈగలను తోలుకోవడానికి తల ఆడించినప్పుడు మోగినట్టు.

"నాయన?"

"మంచం మీద ల్యా."

కొట్టం వాకిట్లో ఖాసిం నిలబడి ఉన్నాడు. స్టాండు పక్కన పడేసినాడు. ఒక చెయ్యి గుంజ మీద, ఇంకో చెయ్యి లోపలికి, చీకట్లోకి చాపి ఉంది. దేని నొసటో ఆనించినట్టు ఉంది అరచెయ్యి. లోపల ఏమున్నదీ కనపడలేదు. బాబ్జాన్ చూడను కూడా చూడలేదు.

"మామా... రేపు తోలుకొస్తా. దొరను మేతకు పంపినా..."

"చెప్పు, చెప్పు," అన్నాడు ఖాసిం తిరగకుండానే. "అబద్ధం కూడా నమిలి నమిలి చెప్తావు నువ్వు."

బాబ్జాన్ కొట్టం గోడకు ఆనుకున్నాడు.

"మనిషి నమిలితే పైకీ కిందికీ నములుతాడు. గుర్రం పక్కకు నూరుతాది. ఆ చప్పుడు పక్కన నలభై ఏండ్లు పండుకున్నోన్ని అల్లుడా. మొదటి దినమే తెలిసె."

"తెలిసి... మల్ల ఎందుకు చెప్పినావు రోజూ?"

"తింటాండావు గదా." ముసలాయన ఇప్పుడు తిరిగినాడు. కొవ్వొత్తి వెలుగులో ఆ కళ్ళల్లో కోపం కూడా లేదు. అంతకంటే చల్లనిదేదో ఉంది. "ఎవని మాట వాడు తినాల. వానికి చేరాల్సిన మాట మూడు నెల్లు నువ్వు తింటివి. నేను చెప్తి, నువ్వు తింటివి. అప్పగింత అంటే అంతే. ఇంగ నువ్వు నా గుర్రానివి."

తర్వాత చీకట్లోకి వంగి, పసిపిల్లోనితో మాట్లాడినట్టు మెత్తగా చెప్పినాడు.

"కిరాయి అయిపోయిందప్పా దొరా. ఎంత దూరం నడిస్తివి నాయనా. ఇంగ తిను."

నమిలే చప్పుడు మళ్ళీ మొదలైంది. ఖాసిం గోడ పట్టుకొని ఇంట్లోకి పోతూ బాబ్జాన్ పక్కన ఒక క్షణం ఆగినాడు. నొసట పెట్టడానికి చెయ్యి ఎత్తినట్టే అనిపించింది. ఎత్తలేదు. పోయినాడు.

ఆ రాత్రి జబీనా అన్నం పెట్టింది. ఉర్లగడ్డ కూర. బాబ్జాన్ ముద్ద కలిపినాడు. చెయ్యి గడ్డం దాకా వచ్చి నిలబడిపోయింది.

"తిను," అంది జబీనా.

"తింటాండా."

చెయ్యి పోలేదు. దవడలు బిగుసుకుపోయినాయి. నవ్వబోయినాడు. "చూడు, నా పొట్టకే నా మీద జాలి పుట్టినట్టుండాది." జబీనా నవ్వలేదు. తన చేత్తో ముద్ద చేసి నోటికి పెట్టింది. పెదాలు తెరుచుకోలేదు. ముద్ద పళ్ళెంలో పెట్టి, తడి చేత్తోనే మొగుని నొసట అరచెయ్యి ఆనించి, నాయన గొంతు తెచ్చుకొని చెప్పింది.

"కిరాయి అయిపోయిందప్పా. ఇంగ తిను."

ఊహూఁ.

శుక్రవారం గడిచింది. శనివారం గడిచింది. నీళ్ళు మాత్రం దిగుతున్నాయి, బిందెకు బిందె. గ్లూకోజు ఎక్కించిన కాంపౌండరు జీర్ణం బాగాలేదన్నాడు. విచిత్రమేమిటంటే పని చెయ్యడానికి ఏ అడ్డూ లేదు. పొద్దున్నే లేచి ఆటో తోలుతున్నాడు. కూచుంటే నడుము నిలవడం లేదు. మధ్యాహ్నం ఆటో పక్కన నిలబడే కునుకు తీస్తున్నాడు. స్టాండులో వాళ్ళు "ఏమప్పా, పొట్ట ఎవనికి అమ్మినావు?" అని అడిగితే ఆటో కదిలించుకొని పోతున్నాడు. భుజాల మీద రెండు పక్కలా, పట్టీ ఒరుసుకున్నట్టు, ఎర్రగా పుండ్లు లేచినాయి.

ఆదివారం సాయంత్రం కొట్టం వాకిట్లో మామ కాళ్ళు పట్టుకున్నాడు. లోపల అప్పటికే దొర మేత నడుస్తోంది.

"ఒక్కసారి చెప్పు మామా. జబీనా మొగం చూసి చెప్పు."

ఖాసిం కిందికి చూసినాడు. "ఎన్నో దినం ఈ పొద్దు?"

"నాలుగోది మామా."

"వానికి తొమ్మిది పట్టె," అని కొట్టం లోపలి దిక్కు చూసి, కాళ్ళు విడిపించుకొని పోయినాడు.

సోమవారం పొద్దున. గడప దగ్గర బాబ్జాన్ నిలబడి ఉన్నాడు, రాత్రంతా నిలబడినట్టే. జబీనా సాక్షి. గడపకు అడ్డంగా పండుకొని ఆమె కన్ను మూయలేదు. అతను కదల్లేదు. కొట్టం పక్కన మామ జట్కా కూడా ముందుకర్రలు పైకెత్తుకొని ఎప్పటిలాగే ఉంది.

బాబ్జాన్ ఫోన్ మోగింది, జబీనా తీసింది. బ్లెస్సీ ఫోటో పంపింది. కింద ఒక్క మాట కూడా రాయలేదు.

పచ్చి ఇటుకల వరసలు. వాటి మీద బండి చక్రాల గాడి, రెండు గీతలు, బట్టీ చుట్టూ గుండ్రంగా. రెండు గీతల మధ్య డెక్కల గుర్తులు లేవు. మనిషి పాదాలు ఉన్నాయి, చెప్పులు లేనివి, మడమలు లేచి మునివేళ్ళు లోతుగా దిగినవి, బరువు లాగేవాని పాదాలు. జబీనా ఫోటోను వేళ్ళతో పెద్దది చేసింది. కుడి పాదానికి నాలుగే వేళ్ళు.

చక్రాల గాడి బాగా లోతుగా దిగి ఉంది. బండిలో ఎవరో కూచున్నట్టు.